చూరు కింది చుట్టాలు

విజయదశమినాడు తెలంగాణ పల్లెలలో జమ్మిపూజ యొక్కటితోనే పండుగ ముగియదు. జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతులలో నుంచి మ్రొక్కెడివారు, దానికి ముందో వెనుకనో ఊరి పొలిమేర దాటి, గట్ల మీది మోడుచెట్లను, కరెంటు తీగలను కన్నులతో వెదకుచు పోయి, ఒక్క పాలపిట్టనైనను చూచినగాని ఇంటికి మరలరు. కూర్చుండినప్పుడు మట్టిరంగు మెడతో, మందకొడిగా, సామాన్యముగా తోచు ఆ పక్షి రెక్కలు విప్పి గాలిలోనికి లేచినంతనే లేతనీలమును ముదురునీలమును పట్టెలు పట్టెలుగా మెరయును. పిల్లలు కేకలు వేయుదురు, పెద్దలు చేతులు జోడింతురు. ఆ దర్శనము శుభమని, చేపట్టిన పని జయప్రదమగునని నమ్మకము. ఆ పక్షికి నైవేద్యము పెట్టవలసిన పని లేదు, దానిని ముట్టవలసిన పని లేదు. చూచుటయే ఆచారము, చూచుటతో అది సంపూర్ణము.

ఒక జనసమూహము తన సంవత్సరమంతటిలో ఒక సాయంకాలమును, పండితపామర భేదము లేక ఎల్లవారును ఇల్లు విడిచి నడచి, తలయెత్తి, ఓపికతో నిరీక్షించి ఒక పిట్టను చూచుట కొరకు కేటాయించుకొనుట సామాన్య విషయము కాదు. దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయువారితో నేను ఏకీభవింపజాలను. ఆ శుభము రాబోవు దినములలో ఎన్నడో లభించునో లేదో నేనెరుగను గాని, ఆ నడకలో, ఆ నిరీక్షణలో, ఆ నీలవర్ణము కంటబడిన క్షణమున మనస్సు తన చింతలను మరచి నిలిచిన ఆ కొద్దిపాటి విరామములో, దానియందు కొంత భాగము అప్పటికప్పుడే చేతికందుచున్నదని నా దృఢవిశ్వాసము.

అయితే ఆ ఆచారమే నగరములకు వచ్చుసరికి వికృతరూపము దాల్చినది. నడచి వెదకు తీరిక లేనివారి కొరకు వేటగాండ్రు పాలపిట్టలను వలపన్ని పట్టి, ఎగురకుండ రెక్కలు బంధించి, పంజరములలో వీధి వీధికిని త్రిప్పి, చూపినందులకు రూకలు పుచ్చుకొనుట హైదరాబాదు వంటి చోట్ల దసరానాడు ఏటేట జరుగుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఇది నేరము. ఆకలిదప్పులతో, భయముతో ఆ పక్షులలో పెక్కు మరణించును. రాష్ట్రపక్షియని గౌరవించిన ప్రాణినే బంధించి దాని దుఃఖమును మన శుభమునకు సాధనముగా చేసికొనుట యెంతటి విపరీతమో ఆలోచింపుడు. ప్రకృతి సాహచర్యము వలన మనకు కలుగు స్వస్థతను గూర్చి వ్రాయబూనినప్పుడు మొట్టమొదట చెప్పవలసిన మాట ఇదియే: చూడబడు ప్రాణి తన ఇచ్ఛ వచ్చినట్లు వచ్చి, తన ఇచ్ఛ వచ్చినట్లు పోగలిగినప్పుడే ఆ చూపు మనలను శాంతపరచును.

ఇంతకును ఒక పిట్టను చూచినమాత్రమున మనస్సు ఏల తేరుకొనవలెను? అవధాన విద్యను కన్నవారమైన తెలుగువారికి ఏకాగ్రత యెంతటి శ్రమతో కూడినదో వేరుగ చెప్పనక్కరలేదు. పృచ్ఛకుల ప్రశ్నలను, అప్రస్తుత ప్రసంగమును, గంటల లెక్కను ఏకకాలమున ధారణయందు నిలుపుకొను అవధాని సభ ముగియుసరికి ఎట్లు అలసిపోవునో, నేటి సామాన్య గృహస్థుడు ఆఫీసు పనిని, ఇంటి ఖర్చులను, పిల్లల చదువులను, నిమిష నిమిషమునకు మ్రోగు సెల్‌ఫోనును ఒక్క బుద్ధితోనే మోయుచు దినదినమును అట్లే అలసిపోవుచున్నాడు. అమెరికా దేశపు తత్త్వవేత్త విలియం జేమ్స్ 1890లో ప్రకటించిన తన మనస్తత్త్వశాస్త్ర గ్రంథమున అవధానము ద్వివిధమని చెప్పెను: బుద్ధిపూర్వకముగా, ప్రయత్నముతో నిలుపునది యొకటి, వస్తువే తనంతట ఆకర్షింపగా అప్రయత్నముగా నిలుచునది మరియొకటి. మిచిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన రేచెల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు దాదాపు ఒక శతాబ్దము తరువాత, 1989లో ప్రచురించిన గ్రంథమున ఈ విభాగమునే ఆధారముగా గొని, ప్రయత్నపూర్వకమైన అవధానము వాడుకచే క్షీణించుననియు, ఆకుల కదలిక, మబ్బుల నడక, నీటి అలలు, పక్షుల సంచారము వంటివి మనస్సును సున్నితముగ పట్టి యుంచుటచేత అలసిన ఆ శక్తికి విశ్రాంతి దొరకి మరల కూడుకొనుననియు ప్రతిపాదించిరి. టెలివిజను తెర కూడ చూపును పట్టి యుంచునది కదా యని అడుగవచ్చును. అది పట్టి విడువదు. వేరొక తలపునకు చోటీయదు. చెట్టు మీది ఉడుత చూపును పట్టుచునే మనస్సును దాని త్రోవను దానిని పోనిచ్చును.

ఈ సిద్ధాంతమునకు బలము చేకూర్చు పరిశీలనలు లేకపోలేదు. వానిలో పేరొందినది రోజర్ ఉల్‌రిచ్ అను పరిశోధకుడు 1984లో సైన్స్ పత్రికయందు ప్రకటించినది. పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఒక ఆస్పత్రిలో 1972 మొదలు 1981 వరకు పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగిన రోగుల రికార్డులను అతడు తీసి, వయస్సు మొదలగు లక్షణములు సరిపోల్చి, 46 మందిని 23 జతలుగా కూర్చెను. ప్రతి జతలోను ఒకరి గది కిటికీకి ఎదుట చెట్లగుంపు; రెండవవారి కిటికీకి ఎదుట ఇటుకగోడ. ఇద్దరికిని వైద్యమొక్కటే, ఆస్పత్రి యొక్కటే. చెట్లను చూచుచు పండుకొన్నవారు సగటున 7.96 దినములకే ఇండ్లకు పోగా, గోడను చూచుచున్నవారికి 8.70 దినములు పట్టెను. మొదటివారికి తీవ్రమైన నొప్పిమందుల అవసరమును తక్కువయ్యెను. లేచి నడువజాలనివానికి కిటికీ ప్రసాదించిన ఉపకారమిది.

లండనులోని కింగ్స్ కళాశాల పరిశోధకులు 2022లో ప్రకటించిన పరిశీలన మన విషయమునకు మరింత సన్నిహితమైనది. 1,292 మంది తమ సెల్‌ఫోనుల ద్వారా దినమునకు పలుమార్లు, తామున్న చోట పక్షి కనబడుచున్నదా, వినబడుచున్నదా, తమ మనఃస్థితి యెట్లున్నది అని నివేదించిరి. పక్షులను చూచిన, లేక విన్న సమయములలో వారి మనస్సు కుదుటబడి యుండుటయే గాక, ఆ మేలు ఎనిమిది గంటల వరకు నిలిచియుండవచ్చునని తేలెను. మానసిక వ్యాకులత కలదని వైద్యులు నిర్ధారించినవారియందును ఈ ఫలము కనబడెను. అంతకు మునుపు 2019లో ఇంగ్లండునందలి దాదాపు ఇరువదివేల మంది సమాచారమును పరిశీలించినవారు, వారమునకు రెండు గంటల కాలము ఆరుబయట పచ్చదనముతో గడపువారు తమ ఆరోగ్యము బాగున్నదని చెప్పుట హెచ్చనియు, ఆ రెండు గంటలు ఒక్కమారు గడిపినను విడివిడిగ గడిపినను భేదము లేదనియు గ్రహించిరి. ఆరోగ్యవంతులే ఎక్కువగా బయటికి పోవుదురేమో అను శంక ఇట్టి లెక్కలకు ఎప్పుడును ఉండనే యుండును. గాఢమైన విషాదముతో బాధపడువాడు వైద్యుని కడకు పోవుటయే కర్తవ్యము. చెట్టు నీడ ఆ వైద్యమునకు తోడు కాగలదు గాని బదులు కాజాలదు.

పచ్చదనమనగానే అరకు లోయకో, నల్లమల కొండలకో ప్రయాణము కట్టవలెనని మనవారిలో చాలమందికి ఒక భ్రమ కలదు. సంవత్సరమునకు రెండు దినములు కారులో పోయి, ఛాయాచిత్రములు తీసికొని వచ్చుటకంటె, తన వాకిట నున్న వేపచెట్టును దినమునకు పావుగంట చూచువాడు అధికముగ లాభపడునని నేననుకొందును. అందులకు కావలసినది ఒక చోటు, ఒక వేళ. ప్రాతఃకాలమైనచో మరింత మేలు. ఫోను లోపల నుంచి, వరండాలోనో మేడమీదనో కుర్చీ వేసికొని కదలక కూర్చుండవలెను. మొదట ఏమియు కనబడదు, కనబడినదెల్ల కాకియే. మన రాకచే బెదరి మౌనము వహించిన ప్రాణులు మనము అపాయకరులము కామని నమ్మి తమ పనులలో మునుగుటకు కొంత వ్యవధి పట్టును. ఆ పిమ్మట గోరింకల జంట కలహింపజొచ్చును. మందారపు గుబురులో తేనెపిట్ట పువ్వు మొదటికి ముక్కు గ్రుచ్చును. గోడమీద వాలిన పికిలిపిట్ట తన తోకక్రింది ఎఱ్ఱని మచ్చను చూపి పోవును. తీగమీది నల్లని పసులపోలిగాడు గాలిలో పురుగును పట్టి మరల అదే చోటికి వచ్చి కూర్చుండును. పశువుల వీపుల మీద నెక్కి తిరుగు ఆ పక్షికి మన రైతులు పెట్టిన పేరు చూడుడు: ఎంతకాలము, ఎంత మక్కువతో చూచినవారు పెట్టిన పేరది!

కొంతకాలమిట్లు చూచువానికి పక్షిజాతి యన్నది పోయి పక్షి యొక్కటొక్కటే వ్యక్తిగా గోచరింపజొచ్చును. ఈ కాకికి కాలు కుంటి. ఈ ఉడుత పిరికిది. ఈ గోరింక ఇంటివారిని గుర్తించినది. దూరపు వానను చీమలబారు మనకంటె ముందుగ నెరిగినట్లు తోచును. ఇంటి గొడవ, జీతపు గొడవ అక్కడనే యుండును. కాని లోకమంతయు తన గొడవయే కాదని ఆ పావుగంట నిదర్శనపూర్వకముగా తెలుపును. ఈ తెలివి పుస్తకములు చదువుటచే వచ్చునదిగా నాకు తోచదు.

మన పూర్వుల గృహధర్మములో ఇట్టి చూపునకు నిత్యావకాశములు కల్పింపబడినవి. పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞమనునది ఇతర ప్రాణులకు అన్నములో భాగము పెట్టుట. వాకిట ముగ్గును బియ్యపుపిండితో పెట్టిన కాలమున అది చీమలకును పిచ్చుకలకును ఆహారమయ్యెడిది. రాతిపిండి వచ్చిన తరువాత ముగ్గు తెల్లదనము హెచ్చినదేమో గాని తినువారు లేకపోయిరి. గోదావరి, కృష్ణా మండలములలో రైతులు కోతల కాలమున నిండు వరికంకులను కాడలతో కోసి, అందముగా కుచ్చులల్లి, ఇంటి చూరుకును, దేవాలయ మండపమునకును వ్రేలగట్టుట నేటికిని కొన్నియెడల కలదు. పిచ్చుకలు ఆ కుచ్చులకు తలక్రిందులుగ వ్రేలాడి ఒక్కొక్క గింజనే ఒలిచి తినుచుండ, అరుగుమీద కూర్చున్న తాత మనుమనికి అది చూపుచుండెడివాడు. గింజ పక్షికి; చూచు సుఖము తాతకు, మనుమనికి. కనుమ పండుగనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో దండవేసి, ఆ ఒక్క దినము పని చెప్పక సేద తీర్చుటయు, జ్యేష్ఠమాసపు ఏరువాక పున్నమినాడు అరక కట్టుటకు మునుపు వానిని పూజించుటయు ఈ భావము యొక్క శాఖలే. ఏడాది పొడుగున తనతో సమముగా బురదలో నడచిన ప్రాణిని ఆనాడు రైతు తీరికగా, ఒక్కొక్క అవయవమును తడవుచు చూచును. కార్తీకమాసపు వనభోజనములలో ఉసిరిచెట్టు నీడను కూర్చుండి భుజించుట ఇప్పుడు పేకాటకును పాటలపెట్టెకును వశమైనది గాని, మొదటి ఉద్దేశము చెట్టే.

పెంపుడు జంతువుల సంగతి కొంత భిన్నము. జపానులో 2015లో జరిగిన ఒక పరిశోధన, కుక్కయు యజమానియు ఒకరి కన్నులలోనికి ఒకరు చూచికొనినప్పుడు ఉభయుల శరీరములలోను ఆక్సిటోసిన్ అను రసాయనము వృద్ధియగునని చూపినది. తల్లీబిడ్డల అనుబంధమునకు తోడ్పడు రసాయనమది. మనుష్యులు పెంచిన తోడేళ్ళయందు మాత్రము ఇట్టి ఫలము కనబడలేదు. వేలయేండ్ల సహవాసమున కుక్క మన ముఖమును చదువ నేర్చినదన్నమాట. అయినను ఒంటరితనము పోగొట్టుకొనుటకు మాత్రమే కుక్కపిల్లను కొని, అది పెరిగి పని పెంచగానే వీధిలో విడుచువారిని చూచినప్పుడు నాకు మిక్కిలి బాధ కలుగును. పది పండ్రెండేండ్లు పోషింపగల ఓపిక లేనివారు దాని జోలికి పోకుండుటయే దానికి చేయు మేలు.

దయయు తెలిసి చేయవలెను. ఘాటురోడ్లమీద కార్లాపి కోతులకు అరటిపండ్లు, చిప్సు విసరుటచే అవి అడవిలో మేత వెదకుట మాని, రోడ్డున పడి చక్రముల క్రింద నలుగుచున్నవి, మనుష్యులమీదికి దుముకుచున్నవి. నగర కూడళ్ళలో బస్తాలకొలది గింజలు చల్లి పావురములను వేలసంఖ్యలో పోగుచేయుటచే వాని రెట్టల ధూళి కొందరి ఊపిరితిత్తులకు తీరని హాని చేయును. వీధికుక్కకు అన్నము పెట్టువారు దానికి రేబిస్ టీకా వేయించుటయు తమ బాధ్యతగా ఎంచవలెను. కరచినచో గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, జాగుచేయక ఆస్పత్రిలో టీకా పొందవలెను. ఇంటిలో రామచిలుకను పంజరమున నుంచుట ముద్దు కాదు, చట్టవిరుద్ధము.

ఒక కుటుంబము చేయు పనిని ఒక ఊరంతయు చేసిన యెట్లుండునో శ్రీకాకుళము జిల్లా టెక్కలి సమీపమున నున్న తేలినీలాపురములో చూడవచ్చును. సెప్టెంబరు, అక్టోబరు మాసములలో గూడబాతులును, ఎఱ్ఱకాళ్ళ కొంగలును వందలకొలదిగ ఆ ఊరికి వచ్చి, ఇండ్ల నడుమ నున్న చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, గ్రుడ్లు పొదిగి, పిల్లలను పెంచి, వేసవి ముదురుసరికి తరలిపోవును. ఇవి సైబీరియానుండి వచ్చునని లోకమున ప్రచారమున్నది గాని, ఈ రెండు జాతులును మన దేశమునను, ఇరుగుపొరుగు దేశములలోను నీటివసతిని బట్టి తిరుగు పక్షులే. వీని రాక ఊరికి శుభమని గ్రామస్థుల నమ్మకము. ఆ శుభమునకు వారు చెల్లించు మూల్యము తక్కువది కాదు: చేపల కంపు, ఇంటిమీదను ముంగిటను రెట్టలు, తెల్లవార్లు పిల్లపక్షుల అరపులు. చెట్టు కొట్టివేసినచో ఆ బాధ ఒక్క దినములో తీరును, వారు కొట్టలేదు. అటవీశాఖ వచ్చి బోర్డు పెట్టకమునుపే ఆ పక్షులకు అక్కడ అభయము లభించినది. 2021–22 శీతకాలమున రోగము సోకి పెక్కు గూడబాతులు చెట్ల క్రింద రాలిపోయినప్పుడు ఆ దుఃఖమును ఆ ఊరే చూడవలసి వచ్చినది. సాహచర్యమున ఇదియు నొక భాగము. సుఖమును మాత్రమే యేరుకొని తక్కినదానిని విడుచుటకు వీలులేదు. ఇచ్ఛాపురము వైపున తేలుకుంచి గ్రామస్థులకు నత్తగుల్ల కొంగలతో ఇట్టి పొత్తే కలదు.

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, చెట్టును చూచునప్పుడు దాని పేరును, దానిని గూర్చిన మన జ్ఞానమును, ఇష్టానిష్టములను అడ్డము పెట్టుకొనక చూడగలమా యని జీవితాంతము ప్రశ్నించుచుండెను. ఆ పట్టణమునకు సమీపముననే ఆయన సంకల్పముతో వెలసిన ఋషివ్యాలీ విద్యాలయములో పిల్లలు సాయంకాలమున ఒక గుట్టవద్ద గుమిగూడి, మాటలాడక, సూర్యుడు కొండలవెనుకకు దిగువరకు కూర్చుండు సంప్రదాయము కలదు. దానిని అస్తాచల్ అందురు. ప్రార్థన లేదు, ఉపన్యాసము లేదు. రాళ్ళతోను కరవుతోను నిండిన ఆ లోయలో దశాబ్దములపాటు చెట్లు నాటి, వాననీటిని నిలిపి, మేతను అదుపుచేయగా పక్షులు మరలి వచ్చినవి. 1991లో ఆ ప్రదేశమును పక్షిసంరక్షణ స్థలముగా ప్రకటించుకొనిరి. దక్షిణభారతపు రాతిగుట్టలలో తప్ప ప్రపంచమున మరెక్కడను లేని పసుపుగొంతు పికిలి అక్కడ నివసించును. చూచుట నేర్చినవారికి నాటుటయు వచ్చునని ఆ లోయను గూర్చి విన్నప్పుడెల్ల నాకు తోచును. మన ప్రభుత్వ పాఠశాలలలో వేపచెట్టు లేనిది అరుదు. దినమునకు ఒక పీరియడులో పది నిమిషములు ఆ చెట్టు క్రింద పిల్లలను మౌనముగా కూర్చుండబెట్టుటకు ఏ నిధులును అక్కరలేదు.

అపార్టుమెంటులలో నాలుగవ అంతస్తున, మోకాళ్ళ నొప్పులతో క్రిందికి దిగలేక, పిల్లలు విదేశములలో నుండగా దినమంతయు గోడవైపు చూచుచు గడపు వృద్ధులను గూర్చి నేను తరచుగా తలపోయుదును. వారి మంచమును కిటికీ వైపునకు త్రిప్పుట మొదటి పని. బాల్కనీలో తులసి, మందారము, గన్నేరు కుండీలు పెట్టుట రెండవది. మట్టిమూకుడులో నీరు పోసి వేసవిలో దినమునకొకమారు కడిగి నింపుట మూడవది. పిచ్చుకలు తిరుగు చోటైనచో ఒక చెక్కపెట్టెను గోడకు బిగింపవచ్చును. దాని రంధ్రము దాదాపు 32 మిల్లీమీటర్ల వెడల్పున నుండిన గోరింకలు దూరవు. కాకికిని పిల్లికిని ఆసరాయగునట్లు రంధ్రము క్రింద కొయ్యపుల్ల గ్రుచ్చరాదు. ఎండ తగులని వైపున, పిల్లి యెగురజాలని ఎత్తున పెట్టి, ఇక దాని జోలికి పోరాదు. గ్రుడ్లు పొదుగుటకు పండ్రెండు పదునాలుగు దినములు, పిల్లలు రెక్కలు వచ్చి ఎగురుటకు మరి రెండు వారములు పట్టును. పిల్లలకు గింజలు పనికిరావు, పురుగులే కావలెను గనుక కుండీలమీద మందులు చల్లుట మానవలెను. ఆ నాలుగు వారములును పిచ్చుకలు లోనికి వచ్చి పోవు గదిలో పంకా తిప్పకుండుట మంచిది.